పక్షులు, వాతావరణ మార్పులపై పరిశోధన: మా అమ్మాయికి ఇది జీవనోపాధి కాగలదా?

సూళ్లూరుపేట నాన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే గణితం, స్టాటిస్టిక్స్ తీసుకుని బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. చిన్నతనంలో సెలవులకు ఊరికి వెళ్లినప్పుడల్లా మా నాన్నగారు తనను నేలపట్టు చెరువుకు తీసుకువెళ్లి గూడబాతుల గూళ్లు చూపించేవారు. ఆయన పోయి ఆరేళ్లవుతున్నా ఆ ఇష్టం పోలేదు సరికదా, ఇప్పుడు ఆదివారం తెల్లవారకముందే లేచి లాల్‌బాగ్‌కో, హెబ్బాళ చెరువుకో వెళ్లి, చూసిన ప్రతి పిట్టనూ లెక్కగట్టి, పక్షుల జాబితాలు సేకరించే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో నమోదు చేస్తోంది.

పోయిన నెలలో, వాతావరణ మార్పులు పక్షుల మీద చూపుతున్న ప్రభావం గురించి పీహెచ్‌డీ చేసి అందులోనే స్థిరపడతానని చెప్పింది. డేటా సైన్స్ ఉద్యోగం చేతికి అందివస్తుండగా పిట్టలను లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమేమిటని మా బావమరిది అడుగుతున్నాడు. ఆ మాట నాకు నచ్చకపోయినా, ఎలా సమాధానం చెప్పాలో తెలియడం లేదు. ఇది సరదాగా చేసే పని కాక నిజంగా ఒక శాస్త్రమేనా? జంతుశాస్త్రం చదవని పిల్లకు ప్రవేశం దొరుకుతుందా? ఇల్లు గడుస్తుందా? అడవుల్లో తిరగవలసి వస్తే ఆడపిల్లను ఏ ధైర్యంతో పంపాలి? ఈ రంగంలో ఉన్నవారు దాపరికం లేకుండా చెప్పండి.

షోలా పిట్ట:

నమస్కారమండీ. నేను బెంగళూరులో ఇదే రంగంలో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్నాను. మాది గుంటూరు. శాస్త్రమేనా అన్న మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంట్లో మా నాన్నగారికి నేను సరిగా చెప్పలేకపోయిన సంగతి అదే.

పిట్టలను లెక్కపెట్టడం ఈ పనిలో మొదటి మెట్టు మాత్రమే. ఒక చోట ఒక జాతి తగ్గిందని తెలిశాక, అది ఎండ వల్ల తగ్గిందా, చెరువు పూడ్చడం వల్లనా, పురుగుమందుల వల్లనా అని విడదీయడమే అసలు పని. ఉదాహరణకు కాలిఫోర్నియాలో జోసెఫ్ గ్రినెల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1900ల తొలి దశాబ్దాల్లో తిరిగిన ప్రతి చోటా ఏ రోజున, ఎంత ఎత్తులో, ఏ పక్షిని చూశారో నోటు పుస్తకాల్లో రాసిపెట్టారు. సుమారు నూరేళ్ల తరువాత బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అవే చోట్లకు తిరిగి వెళ్లి లెక్కించారు. సియెరా నెవాడా కొండల్లో పరిశీలించిన 53 జాతుల్లో 48 జాతులు తమకు పడిన వేడినీ వాననూ వెతుక్కుంటూ స్థానం మార్చుకున్నాయి. మొహావీ ఎడారిలో మాత్రం, ఒకప్పుడు ఒక చోట కనిపించిన జాతుల్లో సగటున 43 శాతం ఇప్పుడు అక్కడ లేవు. అదే ఎడారిలో ఎలుకల వంటి చిన్న క్షీరదాలకు అంత నష్టం జరగలేదు. అవి పగలంతా బొరియల్లో చల్లగా పడుకుంటాయి, పక్షి మాత్రం ఎండలోనే ఉండి నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకుని చల్లబడాలి, అంత నీరు ఎడారిలో దానికి దొరకదు. ఇలా కారణం దాకా వెళ్లగలిగినప్పుడే అది శాస్త్రమవుతుంది.

కాలం తప్పడం ఇంకో సమస్య. పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట పశ్చిమ ఆఫ్రికాలో చలికాలం గడిపి, పగటి వెలుగు నిడివిని బట్టి బయలుదేరి, పిల్లలను పెంచడానికి నెదర్లాండ్స్ చేరుతుంది. అక్కడ వసంతం వేడెక్కడంతో ఆకులు ముందే చిగురిస్తున్నాయి, గొంగళిపురుగులూ ముందే పుడుతున్నాయి. కానీ ఆఫ్రికాలో పగటి నిడివి ఎప్పటిలాగే ఉంటుంది కనుక, బయలుదేరే వేళయిందని పిట్టకు ముందుగా తెలిసే దారి లేదు. పురుగులు బాగా ముందుకు జరిగిన అడవుల్లో ఈ పిట్ట సంఖ్య రెండు దశాబ్దాల్లో సుమారు 90 శాతం పడిపోయిందని 2006లో ప్రచురించారు.

మన దగ్గర ఇటువంటి పాత లెక్కలు తక్కువ. అందుకే మీ అమ్మాయి లాల్‌బాగ్‌లో నమోదు చేస్తున్న జాబితాలు ఊసుపోక చేసే పని కాదు. వేల మంది అలా పంపిన సుమారు మూడు కోట్ల నమోదుల ఆధారంగానే 2023లో దేశ పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. దీర్ఘకాలిక ధోరణి లెక్కగట్టగలిగిన 338 జాతుల్లో 204 తగ్గాయి. దసరా నాడు మనం వెతుక్కునే పాలపిట్ట కూడా తగ్గుతున్న వాటిలో ఉంది. ఎందుకు తగ్గాయో తేల్చే పని ఇంకా చాలా మిగిలి ఉంది.

ఆ పనికి కావలసింది స్టాటిస్టిక్స్. పిట్ట కనబడకపోవడం, పిట్ట లేకపోవడం ఒకటి కాదు. పొదలో ఉండి కూయకపోతే నేను సున్నా రాసుకుంటాను, ఆ సున్నాలో ఎంత నిజముందో గణితమే చెప్పాలి. జంతుశాస్త్రం చదివి వచ్చిన మేము ఆర్ అనే కంప్యూటర్ భాష, గణాంక నమూనాలు నేర్చుకోవడానికి రెండేళ్లు కష్టపడ్డాం. మీ అమ్మాయికి అవి ముందే వచ్చి ఉంటాయి, పక్షులను గుర్తించడం ఎలాగూ వచ్చు. తనను వెనకబడిన అభ్యర్థిగా ఎవరూ చూడరు.

పాత జాబితా:

ఉపాధి సంగతి నేను చెబుతాను. పీహెచ్‌డీ, ఆ తరువాత నాలుగేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేసి, అధ్యాపక ఉద్యోగం దొరకక, ఇప్పుడు ఒక పరిరక్షణ సంస్థలో పనిచేస్తున్నాను.

దారి ఇలా ఉంటుంది. బెంగళూరులోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ అయిన ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం, పరిరక్షణ అనే ఎమ్మెస్సీ ఉంది. రెండేళ్లకు ఒకసారే, కొద్దిమందినే తీసుకుంటారు కనుక ప్రకటన ఎప్పుడు వస్తుందో ఇప్పటి నుంచే చూసుకోవాలి. దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలోనూ, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలోనూ ఎమ్మెస్సీలు ఉన్నాయి. పీహెచ్‌డీకి ఐఐఎస్సీలోని పర్యావరణ శాస్త్రాల కేంద్రం, ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రెండూ మీ ఊళ్లోనే ఉన్నాయి. గేట్ పరీక్షలో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ఒక పేపరు ఉంది, అది రాయమనండి. మీ సొంత ఊరికి దగ్గరగా కావాలంటే తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఉంది. పశ్చిమ కనుమల కొండశిఖరాల పక్షులపై అక్కడ మంచి పని జరుగుతోంది.

డబ్బు విషయం. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. 2023 నుంచి ఇవే రేట్లు. ఒక్క మనిషి బతకడానికి చాలుతుంది, ఇంటికి పంపడానికి చాలదు. పైగా అది నెలనెలా రాదు. నాకు ఒకసారి ఏడు నెలలు ఆగిపోయింది, ఆ ఏడు నెలలూ మా అక్క దగ్గర అప్పు తీసుకుని అద్దె కట్టాను. కనుక ఆరు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచి పంపండి. ఇది నేను మనసారా ఇస్తున్న సలహా.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు, పోస్ట్‌డాక్‌కు రెండు నుంచి ఐదేళ్లు పడతాయి. అధ్యాపక పదవులు మరీ తక్కువ. నాతో పట్టా పుచ్చుకున్నవారిలో ఎక్కువ మంది సంస్థల్లో, ప్రాజెక్టుల్లో ఉన్నారు, కొందరు డేటా సైన్స్‌కే వెళ్లారు. మీ బావమరిదిగారికి ఈ చివరి మాట చెప్పండి: ఆ తలుపు మీ అమ్మాయికి పీహెచ్‌డీ తరువాత కూడా తెరిచే ఉంటుంది. ఇరవై ఒక్కేళ్లకు పక్షుల దగ్గరకు వెళ్లి ముప్ఫై ఏళ్లకు కంపెనీకి మారినవారిని చూశాను. కంపెనీలో పదేళ్లు పనిచేసి, సంసార బాధ్యతలు పెరిగాక ఇటు వచ్చినవారు నాకు బాగా తక్కువ మంది తెలుసు.

సూళ్లూరుపేట నాన్న:

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. ఇక అడవిలో ఉండే తీరు గురించి కూడా చెప్పండి. ఇంకో సంగతి. పాత లెక్కలు తక్కువ అన్నారు కదా. మా నాన్నగారు ఏటా ఉగాదికి కొన్న పంచాంగం అంచుల్లో చెరువు నిండిన రోజు, తూము ఎత్తిన రోజు, గూడబాతులు దిగిన రోజు రాసుకునేవారు. ఇరవై పైచిలుకు పంచాంగాలు ఊళ్లో అటక మీద ఉన్నాయి. వాటి వల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా?

షోలా పిట్ట:

ముందు అడవి మాట. మా క్యాంపులో నాతో పాటు ఇద్దరు పరిశోధకులు, నేను పనిచేసే కొండల్లోనే పుట్టిపెరిగిన ముగ్గురు సహాయకులు ఉంటారు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టం, ఎవరమూ ఒంటరిగా తిరగం. జలగలు ఎక్కకుండా మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు తొడుక్కుంటాం. తెల్లవారుజామున సన్నని దారపు వలలు కట్టి, అరగంటకోసారి చూసి, పడిన పిట్టను గుడ్డసంచిలో తెచ్చి తూస్తాం. 12 గ్రాముల పిట్ట. పొట్ట మీది ఈకలను మెల్లగా ఊదితే పలచని చర్మం కింద పసుపు పచ్చగా కొవ్వు కనిపిస్తుంది. వలస పిట్టకైతే అదే దారి బత్తెం. అల్యూమినియం కడియం తొడిగి, సంఖ్య రాసుకుని, అరచెయ్యి విప్పుతాం. మరుసటి ఏడు అదే సంఖ్య అదే వలలో దొరికిన రోజున మా నాన్నగారికి కొండ దిగి ఫోన్ చేశాను. ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో, సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఎలా పనిచేస్తుందో చేరే ముందే అడగమనండి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు, ఆ ప్రయోగశాలలో చదివి వెళ్లిన అమ్మాయిలతో మాట్లాడడం అన్నిటికన్నా ముఖ్యం.

ఇక పంచాంగాలు. దయచేసి అటక మీద ఇంకొక్క వానాకాలం ఉంచకండి. ప్రతి పుటనూ పగటి వెలుతురులో ఫొటో తీయండి, ఏమీ రాయని పుటలతో సహా. ఆయన రాయని ఏడు కూడా సమాచారమే. తిథుల్లో రాసి ఉంటారు కనుక, సంవత్సరం పేరు చూసుకుని ఒక్కొక్కటీ ఇంగ్లీషు తేదీకి మార్చాలి. చాంద్రమాన సంవత్సరం దాదాపు పదకొండు రోజులు తక్కువ, అధిక మాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా సర్దుకుంటుంది. తిథినే పోల్చి చూస్తే, ఒకే తేదీకి వచ్చిన గూడబాతులు కూడా మూడు వారాలు ముందో వెనకో వచ్చినట్టు కనిపిస్తాయి.

ఒక్క చెరువు లెక్కతో వాతావరణం మారిందని రుజువు చేయలేం. నేలపట్టులో గూళ్లు ఈశాన్య రుతుపవనాల మీద, చెరువులో నిలిచిన నీటి మీద ఆధారపడతాయి. తూము ఎప్పుడు ఎత్తారన్నది మనుషుల నిర్ణయం. కానీ మీ నాన్నగారు ఆ మూడూ పక్కపక్కనే రాసిపెట్టారు. వాన వల్ల వచ్చిన తేడా ఏది, తూము వల్ల వచ్చిన తేడా ఏది అని విడదీయడానికి సరిగ్గా అవే కావాలి. వాతావరణ శాఖ వర్షపాత లెక్కలను పక్కన పెట్టుకుని మీ అమ్మాయి ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ఏం పని చేశావని తప్పక అడుగుతారు.

సూళ్లూరుపేట నాన్న:

శనివారం రాత్రి బస్సుకు ఇద్దరం ఊరికి వెళ్తున్నాం. అటక మీది పెట్టె కదపవద్దని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఫొటోలు తీశాక ఇక్కడే రాస్తాను.