చేతికొచ్చిన బాల్ నిలుస్తలేదు, అవతల సేఫ్టీ ఒక్కడే ఆట ఆపుతుండు – ఏం చేయాలె?

ప్రశ్న: నల్లగొండ_ఫ్లాగ్

నల్లగొండల డిగ్రీ పిల్లలతోటి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడిస్తున్నం (అమెరికన్ ఫుట్‌బాల్ రకమే, కానీ గుద్ది పడేసుడు ఉండదు, నడుముకున్న ఫ్లాగ్ గుంజితే ఆట ఆగుతది). ఐదుగురికి ఐదుగురు, 50 గజాల పొడవు, 25 గజాల వెడల్పు, రెండు దిక్కుల 10 గజాల ఎండ్ జోన్ (స్కోర్ చేసే చోటు). 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ల ఈ ఆట ఉందని తెలిసినంక పిల్లలు పొద్దుమాపు గ్రౌండ్‌లనే ఉంటున్నరు. కానీ చేతికి తగిలిన ప్రతి మూడు బాల్స్‌ల ఒకటి కింద పడుతుంది. 5, 6 గజాల చిన్న పాస్‌లు బాగనే పడుతున్నరు. 12 గజాలు దాటి నడిమధ్యకు పోయినయే జారుతున్నయి.

అవతలి టీమ్‌కు మంచి సేఫ్టీ (అందరికంటె వెనక నిలబడి లోతు పాస్‌లను కాసేటోడు) ఉన్నడు. 12 గజాల లోతుల సరిగ్గ మధ్యల నిలబడతడు. ఎటు విసిరినా అక్కడికి వస్తడు. ఆయన ఉన్న రోజు మావోళ్లు చిన్న పాస్‌లు గూడ వదిలేస్తున్నరు. ఫ్లాగ్‌ల గుద్దుడే లేదు కద, మరి భయమెందుకు?

పిల్లలల్ల ఎక్కువమంది క్రికెట్ నుంచి వచ్చినోళ్లు, ఇద్దరు కబడ్డీ. ప్రాక్టీస్ సాయంత్రం నాలుగున్నరకు. గ్రౌండ్ తూర్పు పడమర. ఇది చేతుల లోపమా, ధైర్యం లోపమా? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

జవాబు: పాలమూరు_పట్టు

ముందు చేతుల సంగతి. క్రికెట్ పిల్లలకు క్యాచ్ అంటే అరచేతులు గిన్నెలెక్క పెట్టి, బాల్‌ను ఒంటి మీదికి తెచ్చుకునుడు. గుండ్రటి బాల్‌కు అది సరిపోతది. స్పైరల్ తిరుగుకుంట మొనతోటి వచ్చే బాల్ అరచేతుల పడితే ఎగిరి బయటికి పోతది. గ్రౌండ్ పక్కకు నిలబడి కండ్లు మూసుకొని వినండి. 'ఠప్'మని గట్టిగ మోగితే అది అరచేతుల పడ్డట్టు. వేళ్లల్ల పడ్డ బాల్ చప్పుడు మెత్తగ ఉంటది. ఒక్క రోజు వింటే ఎవరికి ఏ అలవాటుందో మీకే తెలుస్తది.

బాల్ బొడ్డు కంటె పైన వస్తే బొటనవేళ్లు రెండు కలవాలె, చూపుడువేళ్లు కలవాలె, నడుమ ముక్కోణం లెక్క సందు రావాలె. ఆ సందుల నుంచి బాల్ మొన కనపడాలె. బొడ్డు కింద వస్తే, భుజం మీదికెళ్లి వెనక నుంచి వస్తే, చిటికెనవేళ్లు కలవాలె. అందరు తడబడేది సరిగ్గ బొడ్డు ఎత్తుల వచ్చిన బాల్‌కు, చేతులు ఎటు తిప్పాల్నో నిర్ణయం ఆలస్యమైతది. దాన్నే ఎక్కువసార్లు విసరండి. మోకాళ్లు కొంచెం వంచితే అదే బాల్ రొమ్ము ఎత్తుకు వస్తది, చేతుల తికమక తీరుతది. మోచేతులు బిర్రుగ చాపొద్దు, కొంచెం వంగి ఉండాలె. బిర్రుగ ఉన్న చేతులు గోడ లెక్క బాల్‌ను వెనక్కి కొడతయి.

రోజుకు ఒక్కొక్కరికి 60, 70 క్యాచ్‌లు చాలు. 5 మీటర్ల దూరం నుంచి మొదలు: తలమీద 15, రొమ్ము దగ్గర 10, బొడ్డు దగ్గర 20, మోకాలి దగ్గర 10, రెండు పక్కలకు చెరి 5. వేళ్లు అలసినంక ఆపాలె. అలసిన చేతులు మళ్ల ఒంటికి హత్తుకునుడు మొదలుపెడతయి, పాత అలవాటే గట్టిపడుతది.

జవాబు: వెనకవరుస_20

సేఫ్టీ గురించి నేను చెప్త. గుద్దుడు లేకున్నా భయమెందుకంటే, అది దెబ్బల భయం గాదు. బాల్ వేళ్లకు తగలకముందే రిసీవర్ (పాస్ పట్టేటోడు) తల తిప్పి 'వాడెక్కడున్నడు' అని చూస్తడు. ఆ ఆఖరి గజంల చూపు పోయిందంటే ఎంత మంచి చేతులైనా లాభం లేదు. మంచి సేఫ్టీ ముట్టుకోకుండనే పాస్ జారవిడిపిస్తడు.

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్)ల సేఫ్టీ ఎడ్ రీడ్ ఆట చూడమనండి. 2002 నుంచి 2013 దాకా ఆడి, రెగ్యులర్ సీజన్‌లల్ల 64 ఇంటర్‌సెప్షన్లు (అవతలోళ్ల పాస్‌ను నడుమల పట్టుడు) పట్టిండు. లెక్కల పాల్ క్రౌస్ 81తోటి మొదట ఉన్నడు. కానీ పట్టినంక ఉరికి తెచ్చిన గజాలల్ల రీడ్‌దే రికార్డు, 1,590. 2008ల ఫిలడెల్ఫియా మీద ఒక్కటే 107 గజాలు తెచ్చిండు. రీడ్ నిలబడ్డ చోటు చూసి క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేటోడు) 'అక్కడ ఖాళీ' అనుకుంటడు. బాల్ చేతిల నుంచి పోయేసరికి ఆ ఖాళీ ఉండదు.

ఇంకో లెక్క చూడండి. 2014 ఫిబ్రవరిల సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్)ల సియాటిల్ 43–8తోటి డెన్వర్‌ను ఓడగొట్టింది. ఓడిన టీమ్ రిసీవర్ డిమేరియస్ థామస్ ఆ రోజు 13 పాస్‌లు పట్టిండు, అప్పటికి సూపర్ బౌల్‌ల అదే రికార్డు. అయినా వచ్చినయి 118 గజాలే, అంటే పాస్‌కు 9 చిల్లర. సియాటిల్ సేఫ్టీలు ఎర్ల్ థామస్ వెనక, క్యామ్ ఛాన్సలర్ ముందట ఉండి, లోతు బాల్స్‌కు చోటియ్యలేదు. సేఫ్టీ విలువ ఇంటర్‌సెప్షన్లల్ల సగమే కనపడతది. తక్కిన సగం క్వార్టర్‌బ్యాక్ విసరకుండ మానుకున్న బాల్స్‌ల ఉంటది.

మీ అవతలోడు ఎట్ల వస్తున్నడో గూడ చూడండి. మధ్యల నిలబడితే ఆయనకు ఏ దిక్కు గీతైనా పన్నెండున్నర గజాలు. మంచి పిలగాడు సెకనుకు 6, 7 గజాలు ఉరుకుతడు. మీ బాల్ పైకి లేచి గాల్ల 2 సెకన్లు ఉంటే గీత దాకా వచ్చేస్తడు. అదే బాల్ 1.2 సెకన్లల్ల చేరితే 8 గజాల కాడనే ఆగుతడు. ఎత్తుగ లేపి విసిరినన్ని రోజులు ఆయన గొప్పోడిగనే కనపడతడు.

ఇంకోటి. ఆయన చూసేది మీ క్వార్టర్‌బ్యాక్ ఎడమ చెయ్యి. విసిరే ముందు ఆ చెయ్యి బాల్‌ను వదులుతది, సేఫ్టీ కదిలేది అప్పుడే. ఉత్తగ ఊపేటప్పుడు రెండు చేతులు బాల్ మీదనే ఉంటయి గనక మంచి సేఫ్టీ మోసపోడు.

నల్లగొండ_ఫ్లాగ్:

నిన్న ఫోన్‌ల వీడియో తీసి నెమ్మదిగ చూసిన. నడిమధ్యల పడిపోయిన తొమ్మిదింట్ల ఆరు రిసీవర్ వెనక భుజానికి వచ్చినయి. ఇన్ని రోజులు పిల్లలనే తిట్టినం, బాధైంది. క్వార్టర్‌బ్యాక్‌కు ఏం చెప్పాలె?

జవాబు: గద్వాల_క్యూబీ

వీడియో తీసి మంచి పని చేసిన్రు. 2012 ఫిబ్రవరి సూపర్ బౌల్‌ల న్యూ ఇంగ్లండ్ రిసీవర్ వెస్ వెల్కర్ వదిలిన పాస్ గూడ ఇట్లాంటిదే. ఆటల 4 నిమిషాల చిల్లర మిగిలి ఉంది, న్యూ ఇంగ్లండ్ 17–15తోటి ముందుంది. బాల్ వెనక భుజం మీదికి వస్తే వెల్కర్ ఒళ్లు తిప్పి ఎగిరిండు. రెండు చేతులకు తగిలి జారింది. అవతలి టీమ్ జెయింట్స్ 21–17తోటి గెలిచిన్రు. తప్పు విసిరినోనిదా పట్టేటోనిదా అని ఇప్పటికీ వాదన ఉంది. అందుకే డ్రాప్‌లు రాసుకునేటప్పుడు నాలుగు గడులు పెట్టండి: చూపు తప్పింది, చేతుల తీరు తప్పింది, బాల్ చోటు తప్పింది, ఆలస్యంగ వచ్చింది. రెండు వారాలు రాస్తే ఎవరికి ఏం నేర్పాల్నో తేలుతది.

వెనకకు పడుడు ఆలస్యం వల్లనే. రిసీవర్ మలిగినంక చూసి విసురుతుండు. మలిగే అడుగు వేసేటప్పుడే బాల్ చేతిల నుంచి పోవాలె. 10 గజాల దగ్గర కోన్ పెట్టి, రిసీవర్ కాలు ఆడ పడంగనే విసరమనండి. గురి ముందట భుజం. ఎదురుంగ సేఫ్టీ వస్తుంటే మాత్రం బాల్‌ను రొమ్ము కిందికి, అవతలోని చెయ్యికి దూరం దిక్కు పెట్టాలె.

ఒక్క సేఫ్టీని కదిలించే తరీక: ఇద్దరు రిసీవర్లను రెండు గీతలకు 6 గజాలు లోపల పెట్టి నిటారుగ ఉరికించండి. నడుమ 13 గజాల ఎడం, ఆయన ఒక్కడు ఇద్దరిని కాయలేడు. క్వార్టర్‌బ్యాక్ మొదటి రెండు అడుగులు ఎడమ దిక్కు చూసి, మూడో అడుగుల కుడికి విసరాలె. 7 గజాల నుంచి రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికొచ్చేటోడు) వస్తుంటడు గనక అంతకంటె ఎక్కువ టైమ్ దొరకదు. కండ్లు ఒక్కటే తిప్పితే పనిగాదు, ముందట భుజం గూడ ఎడమకే ఉండాలె. సేఫ్టీలు భుజాన్నే నమ్ముతరు.

ఆయన కదలకుంటే ఒకరిని 8 గజాల దగ్గర అడ్డంగ మలిపి, ఇంకొకరిని ఆ వెనకకెళ్లి గోల్ దిక్కు ఏటవాలుగ పంపండి. కిందోని మీదికి దుమికితే పైన ఖాళీ. దుమకకుంటే కింద 8 గజాలు ఉత్తగ దొరుకుతయి. అవి తీసుకోండి, చిన్నతనం అనుకోవద్దు. ఆ 8 గజాలు నాలుగుసార్లు తీసుకుంటేనే ఆయన ముందుకు జరుగుతడు.

జవాబు: దుబ్బగ్రౌండ్

బాల్ సంగతి ఎవరు ఎత్తలే. బాల్‌ల గాలి ఒత్తిడికి ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్క 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ. పొద్దున 25 డిగ్రీల చల్లదనంల 13 కొట్టిన బాల్‌ను ఎండల బండి మీద పెట్టి అది 45 డిగ్రీలకు కాగితే 15 దగ్గరికి పోతది. రాయి లెక్క ఉంటది, వేళ్లల్ల నిలువదు. ఆటకు పది నిమిషాల ముందు గ్రౌండ్‌లనే గేజ్ పెట్టి చూడండి.

మన ఎర్ర దుబ్బ గ్లవ్స్ జిగురును ఒక్క గంటల చంపుతది. తడి గుడ్డతోటి తుడిచి నీడల ఆరబెట్టాలె, సబ్బు వద్దు. చెమట తుడుచుకునే టవల్ నడుముకు చెక్కుకోవద్దు, ఫ్లాగ్‌కు అడ్డమైతది. బెంచీ మీద పెట్టండి.

గ్రౌండ్ తూర్పు పడమర అంటున్నరు. సాయంత్రం తూర్పు దిక్కు ఉరికే రిసీవర్ వెనక్కి తిరిగి చూస్తే ఎండ సూటిగ కండ్లల్ల కొడతది. ఆ దిక్కు ఆడేటప్పుడు ఎత్తు బాల్స్ తగ్గించి, రొమ్ము కింద విసరమనండి. అవతలి సేఫ్టీకి గూడ అదే ఎండ కొడతది, యాదుంచుకోండి.

జవాబు: పాలమూరు_పట్టు

మళ్ల చూపు దగ్గరికే వస్త. బాల్ రెండు మొనల మీద మార్కర్‌తోటి వేరువేరు అంకెలు రాయండి. పట్టినంక ఏ అంకె తనదిక్కు వచ్చిందో రిసీవర్ గట్టిగ చెప్పాలె, అప్పుడే ఆ క్యాచ్ లెక్క. వారం తర్వాత పక్కకు ఒకరిని నిలబెట్టి, బాల్ వచ్చే టైమ్‌ల మొఖం ముందట టవల్ ఊపమనండి. మూడో వారం మీ కబడ్డీ పిల్లలిద్దరిని సేఫ్టీగ పెట్టండి. ఫ్లాగ్ గుంజుడుల వాళ్ల చేతి వేగం ఎవరికి రాదు. బాల్ రిసీవర్ చేతికి తగలంగనే ఫ్లాగ్ గుంజాలె, ముందుగాల తగలొద్దు.

పట్టినంక బాల్ మొన చంకల దూరేదాక కండ్లు దాని మీదనే ఉండాలె. వేళ్లు ముందటి మొన మీద, ముంజేయి కింద, పక్కటెముకలకు ఆనించి. ఫ్లాగ్ పోతే పోనీయమనండి, బాల్ చేతుల ఉంది కద, ఆ 12 గజాలు మీవే.