శని ఆదివారాలు ఓరుగల్లులో: హన్మకొండలో దిగాలా, వరంగల్ స్టేషన్ దగ్గరా, లక్నవరం పోవాలా?

మంచిర్యాల మనిషి:
అందరికీ నమస్తే. వచ్చే శనివారం పొద్దున్నే మంచిర్యాల నుంచి బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు), మా అమ్మ. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఖిలా (వరంగల్ కోట) చూడాలి, కుదిరితే రామప్ప గుడి. కారు లేదు. రాత్రి ఎక్కడ పడుకోవాలనే దగ్గరే ఇంట్లో పంచాయితీ. వరంగల్ స్టేషన్ ముందు ఏదో ఒక లాడ్జి చాలు, పడుకోవడానికే కదా అని నేను. హన్మకొండ అయితేనే వస్తానని మా ఆవిడ. పిల్లలు వాళ్ళ క్లాసులో ఎవడో చెప్పాడని లక్నవరం చెరువు దగ్గర కాటేజీ కావాలని పట్టుబట్టారు. రూంకి రెండు వేలు, మహా అయితే రెండున్నర పెడతా. ఏదో ఒకటి తేల్చండి.

కాజీపేట కూత:
రూం సంగతి తర్వాత, ముందు ఏ బండికి వస్తున్నారు? మీ లైన్‌లో సికింద్రాబాద్ పోయే బండ్లు కాజీపేటలో ఆగుతాయి, వరంగల్ స్టేషన్ మొహమే చూడవు. విజయవాడ వైపు పోయేవి వరంగల్‌లో ఆగుతాయి. మీరు పొద్దున భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌కి వస్తే కాజీపేటలో దిగాల్సిందే. అక్కడి నుంచి హన్మకొండ ఐదారు కిలోమీటర్లు, వరంగల్ స్టేషన్ పది దాకా. అంటే లగేజీతో, పెద్దావిడతో హన్మకొండ దాటుకుంటూ పోయి వరంగల్‌లో రూం తీసుకుని, మళ్ళీ గుడి చూడ్డానికి హన్మకొండకే వెనక్కి రావాలి. స్టేషన్ ముందు లాడ్జి లాభం ఆ స్టేషన్‌లో దిగేవాడికే అన్నా.

ఖిలా పోరడు:
మొదలైంది హన్మకొండ భజన. బయటి నుంచి ఎవరొచ్చినా హన్మకొండలో ఏసీ రూం తీసుకుంటారు, ఖిలాకు మధ్యాహ్నం పన్నెండింటికి వస్తారు, ఎండకు మాడిపోయి తోరణం ముందు ఒక ఫోటో దిగి ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోతారు, ఇంటికి పోయి ఖిలాలో ఏముంది అన్నీ రాళ్ళే అంటారు. రాళ్ళే, కానీ ఎప్పుడు చూశావన్నది ఉంటుంది కదా. వరంగల్ స్టేషన్ దగ్గర ఉంటే ఖిలా రెండు మూడు కిలోమీటర్లు. పొద్దున ఆరున్నరకు ఆటోలో వస్తే నాలుగు కీర్తి తోరణాల మధ్య మీరు తప్ప ఎవరుండరు. పక్కనే ఖుష్ మహల్. కోట లోపల ఇప్పటికీ ఇళ్ళున్నాయి, మనుషులున్నారు, మా ఇల్లు కూడా ఆ మట్టికోట లోపలే. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటే చూసి పది నిమిషాల్లో రూంలో పడతారు, అదే హన్మకొండ నుంచి వచ్చినోళ్ళు రాత్రిపూట ఆటో కోసం బేరాలాడుతూ నిలబడాలి. రూం రేటు కూడా అక్కడికన్నా తక్కువే. పైగా ఆయన బడ్జెట్ రెండు వేలంటున్నాడు.

నక్కలగుట్ట వదిన:
తమ్మీ, నీ కోట మీద నీకున్న ప్రేమ సరే, ఇక్కడ అడిగినాయన వెంట మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఉంది. ఎండ సంగతి నువ్వు ఖిలాకే చెప్పావు, వేయిస్తంభాల గుడికి అది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. చెప్పులు బయట విడవాలి. ఎండాకాలమే కాదు, మామూలు రోజుల్లో కూడా పదకొండు దాటితే ఆ రాతి మీద కాలు పెట్టలేం, పిల్లలు గెంతుతారు, పెద్దవాళ్ళు గెంతలేరు. అందుకని ఆ గుడి పొద్దున్నే చూడాలి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, కళ్యాణ మండపం ఏళ్ళ తరబడి విప్పేసిన రాళ్ళ కుప్పగా ఉండి 2024 మార్చిలో మళ్ళీ నిలబడింది, దాన్ని తీరిగ్గా కూర్చుని చూడాలి గానీ పరుగెత్తి కాదు. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల రూం ఉంటే అమ్మను మెల్లగా నడిపించుకుని పోవచ్చు, అలసిపోతే తిరిగి తెచ్చి పడుకోబెట్టొచ్చు. వరంగల్‌లో ఉంటే ఒకసారి బయటికొచ్చాక సాయంత్రం దాకా ఆవిడ ఎక్కడ నడుం వాల్చాలి? భద్రకాళి కూడా ఇటు నుంచి దగ్గరే. రామప్ప పోవాలన్నా ములుగు వైపు బస్సులు హన్మకొండ బస్టాండులోనే ఎక్కాలి.

ఇంకొకటి, మీ ఆవిడ ఎందుకు హన్మకొండ అంటోందో ఆమెనే అడగండి. నా లెక్క ప్రకారం బాత్రూం గురించే.

మంచిర్యాల మనిషి:
అడిగాను. బాత్రూం గురించే. 😀

డెస్క్ వెనకాల:
హన్మకొండలో ఒక హోటల్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తా, ఏ హోటలో అడగొద్దు. అటా ఇటా అని కొట్టుకుంటున్నారు గానీ రూం బుక్ చేసేముందు చూడాల్సింది యాప్ కాదు, పంచాంగం. మంచి ముహూర్తం ఉంటే శనివారం ఈ ఊళ్ళో రూంలు పెళ్ళివాళ్ళకే పోతాయి, మిగిలినవాటికి మేమే రేటు పెంచుతాం, అబద్ధం ఎందుకు. బతుకమ్మ రోజులు కూడా అంతే, రెండేళ్ళకోసారి మేడారం జాతర వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. డైరెక్టుగా ఫోన్ చేసి మూడు అడగండి. ఒకటి, కింద ఫంక్షన్ హాల్ ఉందా, ఆ రోజు బుకింగ్ ఉందా. రెండు, లిఫ్ట్ ఉందా కాదు, లిఫ్ట్ ఎక్కడానికి ముందు మెట్లున్నాయా (మా దగ్గర ఏడు మెట్లెక్కాక లిఫ్ట్ వస్తుంది). మూడు, చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా, 24 గంటల లెక్కా. మీరు శనివారం పొద్దున తొమ్మిదింటికి దిగి 24 గంటల లాడ్జి తీసుకుంటే ఆదివారం తొమ్మిదికల్లా ఖాళీ చేయాలి, అమ్మ స్నానం కూడా అయి ఉండదు. ఖాళీ చేశాక బ్యాగులు మా డెస్క్ దగ్గర పెట్టుకోనిస్తాం, చాలా చోట్ల పెట్టుకోనిస్తారు, అడగాలంతే. ఐదుగురికి ఒక రూం అంటే ఎక్స్‌ట్రా బెడ్ తప్పదు, పెద్దవాళ్ళందరి ఆధార్ తెచ్చుకోండి. సెప్టెంబర్ 2025 నుంచి 7,500 లోపు రూంకి జీఎస్టీ 5 శాతమే, ఎవరన్నా 12 వేస్తే బిల్లు చూపించమనండి.

పాకాల నీళ్ళు:
ఫంక్షన్ హాల్ గురించి నేను సాక్ష్యం చెప్తా. పోయినేడాది హన్మకొండలోనే ఒక హోటల్, పేరు వద్దు. ఫోటోల్లో పరుపు చూసి మురిసిపోయి బుక్ చేశా. కింద బారాత్ డీజే, మంచం అదిరింది, నీళ్ళ గ్లాసు దానంతటదే జరిగింది. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే "పెళ్ళి కదా సార్" అన్నాడు. నాది కాదు కదా పెళ్ళి! అప్పట్నుంచి నాకు వరంగల్ స్టేషన్ దగ్గర రైలు కూతలే నయం అనిపిస్తాయి, కనీసం వాటికి గ్యాప్ ఉంటుంది. ఇంకో మాట, వానాకాలంలో వచ్చేవాళ్ళు నయీంనగర్ నాలా పక్క గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోకండి. 2023 జులై వరదల్లో అక్కడి పరిస్థితి కళ్ళారా చూశాం.

రామప్ప పిచ్చి:
మీరంతా ఆటో కిలోమీటర్లు లెక్కపెడుతున్నారు, పిల్లల మాట ఎవరూ వినట్లేదు. రెండు రోజులు సెలవు తీసుకుని ట్రాఫిక్‌లోనే ఉంటారా? శనివారం నేరుగా రామప్ప చూసుకుని లక్నవరం పోండి, టూరిజం వాళ్ళ కాటేజీలున్నాయి, చెరువు మధ్య దీవులు, ఊగే వంతెన, రాత్రి కప్పల చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. 1213లో కట్టిన రామప్ప గుడిని యునెస్కో 2021లో గుర్తించింది, మన పిల్లలకు అది చూపించకుండా మాల్ చూపించి తీసుకుపోతే ఎట్లా.

నక్కలగుట్ట వదిన:
కారు ఉన్నవాళ్ళకు చెప్పు ఈ మాట. హన్మకొండ నుంచి రామప్ప డెబ్బై కిలోమీటర్ల దాకా, అక్కడి నుంచి లక్నవరం ఇంకో ముప్పై, ఐదుగురు బస్సు మారి, ఆటో మారి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీయే, కానీ శనివారం సీటు ఎవరిస్తారు? ఊగే వంతెన మీద పెద్దావిడను నడిపిస్తావా? రామప్ప గుడి కూడా ఎత్తైన పీఠం మీద ఉంది, మెట్లెక్కాలి. పోయేదైతే ఆదివారం పొద్దున ఒక కారు మాట్లాడుకుని పోయి మధ్యాహ్నానికి రావాలి, లేదా ఈసారికి వదిలెయ్యాలి. నేనైతే వదిలేస్తా. ఒక్క ట్రిప్పులో అన్నీ చూడాలనుకునేవాళ్ళు ఏదీ చూడరు, సెల్ఫీలు తప్ప.

రామప్ప పిచ్చి:
వంతెన పాయింట్ ఒప్పుకుంటా. అమ్మ లేకపోతే మాత్రం నా మాటే కరెక్ట్.

ఖిలా పోరడు:
సరే, అమ్మ కోసం హన్మకొండ అనుకోండి, నేనూ దిగొస్తా. కానీ ఒక షరతు. ఖిలాకు ఎండవేళ రావొద్దు. శనివారం సాయంత్రం నాలుగున్నరకు రండి, ఆటోవాలాకు రానూ పోనూ ముందే మాట్లాడుకోండి, వెయిటింగ్‌తో సహా. చీకటి పడ్డాక షో ఉందో లేదో గేటు దగ్గర అడిగి తెలుసుకోండి, ఆన్‌లైన్ టైమింగ్స్ నమ్మొద్దు. అమ్మ తోరణాల మధ్య గడ్డిలో కూర్చుంటుంది, పిల్లలు ఉరుకుతారు, ఎవరూ ఏమనరు.

మంచిర్యాల మనిషి:
పోయొచ్చాం, రెండు ముక్కలు రాస్తా. హన్మకొండ చౌరస్తాకి దగ్గర్లో రూం, ఎక్స్‌ట్రా బెడ్‌తో రెండు వేల రెండొందలు, కింద ఫంక్షన్ హాల్ లేదు, లిఫ్ట్ ముందు మెట్లు మాత్రం నాలుగున్నాయి (అడగడం మర్చిపోయా). సాయంత్రం ఖిలాలో పిల్లలను బయటికి లాగడానికి గంట పట్టింది, పోరడి మాట నిజం. రామప్ప పోలేదు, లక్నవరం పోలేదు, అందుకు చిన్నవాడు ఇంకా నాతో మాట్లాడట్లేదు. ఆదివారం పొద్దున ఏడింటికి అమ్మ నన్ను లేపకుండా వేయిస్తంభాల గుడికి ఒక్కతే నడుచుకుంటూ పోయింది. మేం వెతుక్కుంటూ పోతే నంది పక్కన కూర్చుని ఎవరో పెద్దావిడతో సర్వపిండిలో నువ్వులు ఎన్ని వేయాలో వాదిస్తోంది.

నక్కలగుట్ట వదిన:
మా అత్తగారు రోజూ ఆ టైంకి అక్కడే ఉంటుంది. ఆకుపచ్చ చీరా?

మంచిర్యాల మనిషి:
ఆకుపచ్చే.