చైన్ సాతో పొయ్యి పుల్లలు ఒకే పొడుగులో కోయాలంటే ఎలా కొలుస్తారండీ?

అంబాజీపేట నుంచి అడుగుతున్నాను:
నమస్కారం అండి అందరికీ. ఈదురుగాలికి మా దొడ్లో పాత మామిడి చెట్టు పడిపోయింది. కొమ్మలు కొట్టించేశాం, మాను మాత్రం దుంగలుగా ఉంది, ఒక్కోటీ పదడుగులు, పన్నెండడుగులు ఉంటాయి. 18 అంగుళాల బారు (చైను చుట్టూ తిరిగే పొడుగాటి ఇనప పలక) ఉన్న పెట్రోలు చైన్ సా ఇంట్లోనే ఉంది. మాకు రెండు రకాల వాడకం అండి, స్నానాలకి రాగి బాయిలరు, పెరట్లో వంటపొయ్యి. బాయిలరు గొట్టంలోకి జానెడు ముక్క అయితేనే దిగుద్ది, పొయ్యికేమో మూరకి కాస్త తక్కువ కావాలి. ప్రతి ముక్కకీ టేపు పట్టుకుని కూర్చుంటే పొద్దుపోద్ది, కంటి అందాజుకి కోస్తే ఒకటి పొట్టి ఒకటి పొడుగు వచ్చి దొంతర నిలబడదు. మీరంతా ఎలా కొలుస్తున్నారో చెప్పండి.

పాలకొల్లు నుంచి:
ముందు దుంగ కాదండి, పొయ్యి కొలవండి. లోపల ఎంత పొడుగుందో చూసుకుని దానికి రెండంగుళాలు తగ్గించి అదే లెక్క పెట్టుకోండి, పొయ్యిలో 18 అంగుళాలు ఉంటే ముక్క 16. తర్వాత ఒక వెదురు బద్ద తీసుకుని సరిగ్గా 16 అంగుళాలకి కోసి దానికి ఎర్రరంగు పూయండి, గడ్డిలో పడినా కనబడాలి. ఇక టేపుతో పని లేదు. మిషన్ ఆపేసి ఉండగానే దుంగ మొదలు నుంచి చివరి దాకా బద్ద పెట్టుకుంటూ గుర్తులన్నీ ఒకేసారి వేసేయండి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యండి. బెరడు తడిగా ఉంటే సుద్ద నిలవదు, కత్తితో చిన్న గాటు పెడితే ఎటూ పోదు. మిషన్ తిరుగుతుండగా పక్కన ఇంకొకరు బద్ద పట్టుకుని నిలబడటం అనేది మాత్రం మీ ఇంట్లో ఎవరి చేతా చేయించొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను.

ఇంకోటండి, గాటు పెట్టే ముందు దుంగ మొత్తం పొడుగు ఒక్కసారి చూసుకోండి. పన్నెండడుగులంటే 144 అంగుళాలు, 16 చొప్పున తొమ్మిది ముక్కలు సరిగ్గా వస్తాయి. పదడుగులంటే 120, ఏడు ముక్కలు పోగా ఎనిమిది అంగుళాలు మిగులుద్ది. ఇంకొకరైతే 15 చొప్పున ఎనిమిది ముక్కలు చేసుకోమంటాను గానీ మీకు బాయిలరు ఉంది కాబట్టి ఆ మిగులు ముక్కే జానెడుకి సరిపోద్ది, ఏమీ వేస్టు కాదు. పదకొండడుగుల దుంగ ఉంటే 132, దాన్ని ఎనిమిదిగా పంచితే పదహారున్నర, పొయ్యికి హాయిగా పట్టుద్ది. అందరికీ ఒకటే లెక్క కాకుండా దుంగని బట్టి అర అంగుళం అటూ ఇటూ సర్దుకుంటే తునకలు మిగలవు.

మలికిపురం నుంచి:
రోజూ కోతకి వెళ్ళేవాళ్ళు బద్ద కూడా పట్టుకోరండి, బారునే కొలకర్రగా వాడేస్తారు. మిషన్‌ని దుంగ మీద పొడవునా పడుకోబెట్టి బారు కొన ఎక్కడికి వచ్చిందో అక్కడ గుర్తు పెట్టుకుని వెనక్కి తిప్పి కోస్తారు. కాకపోతే 18 అంగుళాల బారు అంటే బయటికి కనబడేది సరిగ్గా 18 ఉండాలని లేదు, బాడీకున్న పళ్ళ దగ్గర నుంచి కొన దాకా మీరే టేపు పెట్టి చూసుకోండి. మీ ముక్క కొలతకి గుర్తుగా బారు మీద పెయింటు గీత పెడితే అది చెక్కకి రాసుకుని త్వరగా పోద్ది. ఇలా కొలిచేటప్పుడు ప్రతిసారీ చైను తిరగకుండా ఆపే చైన్ బ్రేకు వేసే ఉండాలి. నా మాట అడిగితే ఇంటి మట్టుకు కోసుకునేవాళ్ళకి పైన చెప్పిన బద్దే మంచిది, బరువు మిషన్ తిప్పి తిప్పి చేతులు అలిసిపోతాయి, అలిసిన చేతుల్లో మిషన్ ప్రమాదం.

కడియం నుంచి:
అయస్కాంతం పద్ధతి కూడా ఉందండి. పాత స్పీకరు అయస్కాంతానికి మీ పుల్ల పొడుగుకి సరిపడా సన్నటి ప్లాస్టిక్ వైరింగు పైపు ముక్క గట్టిగా కట్టి, మిషన్ ఆపి, బాడీ వైపు బారు మధ్యలో చైనుకి తగలకుండా అంటించాలి. పైపు బారుకి అడ్డంగా పక్కకి వస్తది, దాని కొస దుంగ తెగిన అంచు మీదకి వచ్చేలా పెడితే బారు ఉన్నచోటే కోత. మానుకి గుర్తు గాట్లు పెట్టడం వరకే అది, పూర్తిగా కోసేటప్పుడు తీసేయండి. ఇనప చువ్వ మాత్రం పెట్టొద్దు, పొరపాటున చైనుకి తగిలితే ప్లాస్టిక్ అయితే తెగి పోద్ది, ఇనుమైతే ఎటు ఎగురుద్దో చెప్పలేం.

అంబాజీపేట:
చాలా థాంక్స్ అండి. రెండు అనుమానాలు. పచ్చి కర్ర కదా, ఎండాక పొట్టిదైపోద్దా, ఇప్పుడే కాస్త పొడుగు వదలాలా? చైన్ తినేసే మందం కూడా లెక్కలోకి తీసుకోవాలా?

పాలకొల్లు:
పొడుగు వదలక్కర్లేదండి. కర్ర ఎండితే లావు తగ్గుద్ది, చివర్లు పగుళ్ళిస్తాయి గానీ పొడవు తగ్గడం మన కంటికి ఆనేంత ఉండదు. చైన్ కోతకి పావంగుళం దాకా పోద్ది, పొయ్యి పుల్లకి అది లెక్కలోది కాదు. అయినా పొట్టిగా కోసిందే త్వరగా ఆరుద్ది, ఎందుకంటే తడి ఎక్కువగా బయటికి పోయేది తెగిన చివర్ల నుంచే. మన లంకల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కోసినవి చీల్చేసి, ఇటుకల మీద పేర్చి, పైన మాత్రమే రేకు కప్పి పక్కలు గాలికి వదిలేయండి. పట్టా చుట్టూ కప్పేస్తే లోపల బూజు పట్టుద్ది.

రాజోలు నుంచి:
కొలత సరే, కోత గురించి కూడా రెండు మాటలు. దుంగ నేల మీద ఉండగా కింద దాకా కోసేయకండి, మనది ఒండ్రు మట్టి, చైన్ ఒక్కసారి మట్టిలో దిగిందంటే పదును పోయినట్టే. పొట్టు చూస్తే తెలిసిపోద్ది, పదునుంటే రేకుల్లా పెద్ద పెద్దగా పడుద్ది, మొద్దుబారితే సన్న పిండిలా రాలుద్ది. అందుకని ప్రతి గాటు దగ్గరా మూడొంతుల్లో రెండొంతులు కోసుకుంటూ వెళ్ళి, దుంగని దొర్లించి, మిగతాది పైనుంచి కోయండి. దుంగ రెండు చివర్లూ దేనిమీదన్నా ఆని మధ్య గాలిలో ఉంటే మాత్రం పైనుంచి మూడో వంతు కోసి ఆపి మిగతాది కింద నుంచి పైకి రావాలి, లేకపోతే బారు బిగుసుకుపోద్ది. బారు కొన పైభాగం దేనికీ తగలనివ్వొద్దు, మిషన్ ఎగిరి మొహం మీదకి వచ్చేది దాంతోనే. దొడ్లో చెట్టు కదా, బట్టలారేసే తీగకి ఎప్పుడో కొట్టిన మేకులు ఉంటాయేమో బెరడు మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకోండి.

ద్రాక్షారామ నుంచి:
ఒక మాట బాబాయ్ గారూ, ఇంట్లో శుభకార్యం ఏదన్నా ఉంటే రెండు దుంగలు అలా వదిలేయండి. గాడిపొయ్యి (నేలలో పొడుగ్గా తవ్విన పొయ్యి) మీద గుండిగలు పెట్టి వండేవాళ్ళకి మూడడుగుల పుల్లలు కావాలి, జానెడు ముక్కలు చూస్తే వంట మేస్త్రులు ఒప్పుకోరు. కోసింది అతికించలేం కదండీ.

అంబాజీపేట:
ఆయ్, మంచి మాట చెప్పారండి, మాఘంలో మా తమ్ముడి కూతురి పెళ్ళి ఉంది, రెండు దుంగలు పక్కన పెట్టేస్తాను. సన్న కొమ్మలు కూడా ఓ గుట్ట ఉన్నాయి, వాటికి ఒక్కోదానికీ గాటు పెట్టాలంటే అయ్యే పని కాదు కదా?

కడియం:
వాటికి గాట్లు వద్దండి. నాలుగు కర్రలు రెండు ఇంటూ గుర్తుల్లా పాతి, కొమ్మల్ని ఆ పంగల్లో కట్టలా పేర్చి, చివర్లన్నీ ఒక పలకకి ఆనించి తాడుతో రెండు చోట్ల బిగించేయండి. పలక నుంచి 16 అంగుళాలకి పంగకి బయట ఒక్క కోత పెడితే ఇరవై పుల్లలు ఒక్కసారే సమానంగా పడతాయి. తాడు వదులుగా ఉంటే చైన్ సన్న పుల్లని లాక్కుని విసిరేస్తది, బిగింపు చూసుకునే మొదలెట్టండి.

అంబాజీపేట:
అర్థమైందండి. పొయ్యికొకటి బాయిలరుకొకటి రెండు బద్దలు చేసుకుంటాను. మాను మీద ఏ గాటు దేనిదో కలిసిపోకుండా ఏం చెయ్యాలి?

పాలకొల్లు:
పొయ్యి ముక్కకి ఒంటి గాటు, బాయిలరు ముక్క మొదలయ్యే చోట పక్కపక్కనే రెండు గాట్లు పెట్టండి. బాయిలరువి దుంగ సన్న చివర వైపే పెట్టుకోండి, లావు ముక్కలైతే ఆ గొట్టంలోకి దిగాలంటే మళ్ళీ నాలుగైదు పేళ్ళు చీల్చాలి.