ఓడ సిబ్బంది పదకోశం: తుపాను మాటలకు రష్యన్ సమానార్థకాలు కావాలి

రష్యన్ ఓడల్లో పనికి వెళ్లే మనవాళ్ల కోసం తెలుగు-రష్యన్ పదకోశం రాస్తున్నాను. తుపాను దగ్గర బండి ఆగిపోయింది. రష్యన్ తెలిసినవారు, సముద్రం మీద పనిచేసినవారు దయచేసి సాయం చేయండి.

మన వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం 34 నాట్లకు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) చేరితే తుపాను. గాలి బలాన్ని 0 నుంచి 12 దాకా అంకెల్లో చెప్పే బోఫోర్ట్ పట్టికలో, రష్యన్ నావికుల లెక్కన ‘ష్తోర్మ్’ 9వ అంకె దగ్గర, అంటే 41 నాట్ల నుంచి మొదలవుతుంది. 12వ అంకె ‘ఉరగాన్’. అది 64 నాట్లు, మన అతి తీవ్ర తుపానుకు ఆరంభం కూడా అదే. పైమెట్టు కుదిరింది, కిందిమెట్టే కుదరడం లేదు. పోనీ ‘త్సిక్లోన్’ అందామంటే, రష్యన్‌లో మామూలు అల్పపీడనాన్నీ అలాగే అంటారు. బంగాళాఖాతం తుపానుకు ‘త్రపీచెస్కియ్ త్సిక్లోన్’ అని పూర్తిగా రాయడమే మేలా? డెక్కు మీద అంత పొడుగు మాట ఎవరు పలుకుతారు?

‘ష్తోర్మ్‌త్రాప్’ అంటే ఓడ పక్కన వేలాడదీసే, చెక్క మెట్లున్న తాళ్ల నిచ్చెన. సముద్రం ప్రశాంతంగా ఉన్నా దాని పేరు అదే కాబట్టి ‘తుపాను నిచ్చెన’ అని రాయబుద్ధి కావడం లేదు. విశాఖ, కాకినాడ రేవుల్లో దీన్ని ఏమంటారు? పెనుగాలిలో ఎత్తే చిన్న తెరచాపకు మత్స్యకారుల మాట ఏదైనా ఉందా?

ఇక ఒడ్డున కట్టడాల మాటలకు వస్తే, వాననీటి కాలువకు ‘లివ్న్యోవ్కా’ దొరికింది. కిటికీలకు బయట బిగించే తలుపులను ‘స్తావ్ని’ అంటారు. గాలివానను తట్టుకునే రకానికి వేరే పేరుంటే చెప్పండి. నిఘంటువులో మాట కన్నా పనివాళ్లు వాడే మాటే నాకు ముఖ్యం.