పక్షి దెబ్బకు విమానం ఇంజన్ ఫ్యాన్ బ్లేడు: కార్బన్‌ను నమ్మొచ్చా, టైటానియమే గట్టిదా?

రెక్కలరాజు:
"కార్బన్ బ్లేడుకు ముందంచున టైటానియం తొడుగు వేశారంటేనే, కార్బన్ పక్షి దెబ్బకు ఆగదని ఒప్పుకున్నట్టు" అని టైటానియంవాది గారు ఇంకో చర్చలో తేల్చేశారు. దాని మీద విడిగా మాట్లాడుకుందాం. ఇక్కడ కార్బన్ అంటే కార్బన్ పోగుల్ని రెజిన్ అనే జిగురుతో కలిపి చేసే కాంపోజిట్.

ఈ అనుమానం పాతదే. రోల్స్ రాయిస్ తన ఆర్‌బీ211 ఇంజన్‌కి హైఫిల్ అనే కార్బన్ బ్లేడ్లు పెట్టాలని చూసింది. 1970లో చచ్చిన కోడిని ఫిరంగితో బ్లేడ్ల మీదికి పేల్చి చేసిన పరీక్షలో అవి ముక్కలయ్యాయి. టైటానియానికి మళ్లారు, 1971 ఫిబ్రవరికల్లా కంపెనీ దివాలా తీసింది. దివాలాకు ఆ బ్లేడొక్కటే కారణం కాదు, కానీ జనం నోట అదే నిలిచిపోయింది. పాతికేళ్ల తర్వాత, 1995లో, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల జీఈ90 ఇంజన్ కాంపోజిట్ బ్లేడ్లతోనే బోయింగ్ 777 మీద సర్వీసులోకి వచ్చింది. పెళుసు రెజిన్ బదులు పగుళ్లను తట్టుకునే ఎపాక్సీ రెజిన్ వాడారు, ముందంచుకు టైటానియం తొడిగారు.

తొడుగు పెట్టడం ఓటమెలా అవుతుందండీ? దాని పని వేరు. పక్షిని కోయడం, దెబ్బను పక్కలకు పంచడం, ఇసుక, వాన తాకిడికి అంచు అరగకుండా చూడటం. వెనకున్న కార్బన్ పని బ్లేడు బరువును మోయడం, వంగి మళ్లీ లేవడం. ఎవరి పని వాళ్లది.

టైటానియంవాది:
రాజు గారూ, లెక్క వేద్దాం. జీఈ90-115బీ ఫ్యాన్‌కి 22 బ్లేడ్లు. నిమిషానికి 2,355 చుట్లు అంటే సెకనుకు దాదాపు 863 బ్లేడ్లు ఒక చోటు దాటిపోతాయి. విమానం వేగం 200 నాట్లు అనుకుంటే, అది సెకనుకు సుమారు 103 మీటర్లు. భాగిస్తే ఒక్కో బ్లేడు పక్షిలోంచి 12 సెంటీమీటర్ల ముక్క కోస్తుంది. అదే వేగంలో 16 బ్లేడ్లే ఉంటే ముక్క 16 సెంటీమీటర్లు దాటుతుంది. జీఈ9ఎక్స్‌కి ఉన్నవి 16 బ్లేడ్లే. బ్లేడ్లు తగ్గించి బరువు ఆదా చేశామని చెప్పుకుంటారు గానీ, ఒక్కో బ్లేడు తినే దెబ్బ పెరిగిందన్న సంగతి ఎత్తరు. అందుకే దాని ముందంచుకి స్టీల్ వేయాల్సి వచ్చింది.

నా అసలు అభ్యంతరం ఇంకొకటి. లోహం వంగి శక్తిని మింగుతుంది, సొట్ట పడితే కంటికి కనిపిస్తుంది. కార్బన్ విరిగేదాకా వంగి లేస్తుంది. పైన పటారం, లోన లొటారం. పైన గీత కూడా ఉండదు, లోపల పొరలు విడిపోయి ఉంటాయి.

పోగులు_పొరలు:
పొరలు విడిపోవడం నిజమే. ఒక్కో పొరలో పోగులు ఒక్కో దిక్కున ఉంటాయి, పొరకీ పొరకీ మధ్య పట్టుకునేది రెజిన్ ఒక్కటే. దెబ్బకు బ్లేడు వంగగానే పొరల మధ్య కోత ఒత్తిడి పుడుతుంది, బలహీనమైన చోటు తెరుచుకుంటుంది. లీప్ ఇంజన్ వాళ్లు దీనికి వేరే దారి పట్టారు. పొరలు పేర్చరు. పోగుల్ని మందం వైపు కూడా అల్లి, అచ్చులో పెట్టి, రెజిన్ ఎక్కిస్తారు. పగులు మొదలైనా అడ్డు పోగు దగ్గర ఆగుతుంది. ఊరికే రాదు లెండి. అల్లికలో పోగు వంకర తిరుగుతుంది, కొంత బిగువు పోతుంది.

ఇక లోహం వంగడం అంత మంచిదేమీ కాదు. వంగిన బ్లేడు వంగే ఉంటుంది, గాలి ప్రవాహం చెడుతుంది, థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు నెట్టే బలం, పడిపోతుంది. మధ్యరకం పక్షుల గుంపు పరీక్షలో థ్రస్ట్ నష్టం 25 శాతం మించకూడదు, ఆ తర్వాత 20 నిమిషాలు ఇంజన్ తిరగాలి. అక్కడ మళ్లీ లేచి నిలబడే బ్లేడుకే లాభం.

సందేహాలరావు:
మధ్యలో చిన్న ప్రశ్న. గడ్డకట్టిన కోడిని పేల్చి కిటికీ పగలగొట్టుకున్న కథ నిజమేనా? 😀

పోగులు_పొరలు:
అది ప్రతి దేశంలోనూ తిరిగే జోకు. డిజైన్ దశలో కోడి బదులు జెలటిన్ దిమ్మలు వాడతారు. ఆ వేగంలో పక్షి ఘనపదార్థంలా కాకుండా నీళ్లలా ప్రవహిస్తుంది, కంప్యూటర్ నమూనాలు కూడా అలాగే కడతారు.

ఎన్‌డీటీ_శారద:
లోహమైతే కనిపిస్తుంది అన్న మాట దగ్గర ఆగుదాం. తనిఖీ పనిలో ఉన్నదాన్ని, అది వింటే నవ్వొస్తుంది. 2021 ఫిబ్రవరిలో డెన్వర్ మీద యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం 328 ఇంజన్‌లో విరిగింది బోలు టైటానియం బ్లేడే. పక్షి తగల్లేదు, ఫెటీగ్ పగులు, అంటే పదేపదే ఒత్తిడి పడి పుట్టేది. మొదలైంది లోపలి బోలు గోడ మీద. బయట నించుని లైటేసి చూస్తే ఏం కనిపిస్తుంది? 2018లో అదే రకం ఇంజన్‌తో యునైటెడ్ 1175లో జరిగింది ఇంకా ఘోరం. ముందటి తనిఖీలో పగులు జాడ కనిపించింది, దాన్ని పెయింట్ లోపం అనుకుని వదిలేశారు.

కాబట్టి లొటారం రెండు వైపులా ఉంది. లోహంలో పగులు సైకిళ్ల మీద, అంటే ఒక్కో ప్రయాణానికీ కొంచెం కొంచెంగా, పెరుగుతుంది, ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క కట్టే పద్ధతి ఉంది, దాన్నిబట్టి తనిఖీ గడువు పెడతారు. కాంపోజిట్‌లో పొర విడిపోయాక అది పెరుగుతుందా అలాగే ఉంటుందా అన్నది అంత సులువుగా లెక్కకు అందదు. అందుకే లోపల దాగిన దెబ్బతోనే బ్లేడు జీవితకాలం లాగించేలా ముందే డిజైన్ చేయాలి. టైటానియంవాది గారు పట్టుకోవాల్సింది ఇక్కడ, తొడుగు దగ్గర కాదు.

టైటానియంవాది:
సరే, మరి బ్లేడు ఊడితే? కార్బన్ తేలిక కదా అని ఫ్యాన్ చుట్టూ ఉండే కేసింగ్ కూడా పల్చన చేస్తున్నారు.

రెక్కలరాజు:
కేసింగ్ పల్చనైనా పరీక్ష పల్చన కాలేదు. పూర్తి వేగంలో ఒక బ్లేడుని కావాలని ఊడగొట్టి, ముక్క బయటికి రాకుండా కేసింగ్ ఆపాలి. టైటానియం సాంద్రత 4.4, కార్బన్ కాంపోజిట్‌ది 1.6 దరిదాపు. ఊడిన ముక్క బరువు తగ్గితే దెబ్బా తగ్గుతుంది, ఇంజన్ ఊగిపోవడమూ తగ్గుతుంది. బ్లేడ్లు బిగించే డిస్కు కూడా తేలికవుతుంది. రోల్స్ రాయిస్ అల్ట్రాఫ్యాన్‌కి కార్బన్-టైటానియం బ్లేడ్లతో మళ్లీ వచ్చింది ఇందుకే.

పోగులు_పొరలు:
అందరూ ఒకే దారిన లేరని కూడా చెప్పండి. ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ ఫ్యాన్ ఇంజన్‌కి అల్యూమినియం మిశ్రమలోహం బ్లేడు వేసి ముందంచుకు టైటానియం పెట్టింది. గేరు వల్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి వాళ్లకు అదీ కుదిరింది. అంటే లోహపు బ్లేడుకు కూడా తొడుగుంది. మొదటి వాదన అక్కడే పోయింది.

టైటానియంవాది:
తొడుగు వాదన వదిలేస్తున్నానని అనలేదు. కానీ ఒకటి. 2009లో హడ్సన్ నదిలో దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ విమానం 1549ని గుర్తు చేసుకోండి. కెనడా గూస్ అనే పెద్ద బాతుల గుంపు ఫ్యాన్ దాటి, ఇంధనం మండే లోపలి భాగాన్ని, కోర్‌ని పాడు చేసింది, రెండు ఇంజన్లూ థ్రస్ట్ కోల్పోయాయి. విమానం పైకెక్కే దశలో కోర్‌లోకి పక్షి వెళ్లే పరీక్షను అమెరికాలో నియమాల్లో చేర్చింది 2023లో. బ్లేడు నిలబడితే విమానం నిలబడినట్టేనా?

ఎన్‌డీటీ_శారద:
కాదు. పైగా బ్లేడ్ల ఆకారం మొదళ్ల దగ్గర పక్షి ముక్కల్ని బయటి దారికి నెట్టేలా ఉండాలి, కోర్‌లోకి కాదు. అది పదార్థం ఎంపిక కన్నా ఏరోడైనమిక్స్ వాళ్ల తలనొప్పి. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, వస్తాను.