ముసలి కుక్కకి కీళ్ల నొప్పులు, చలి రాత్రుల్లో లేవలేకపోతున్నాడు. ఏం చేయాలి?

జాకీ వాళ్ల నాన్న, ఆదిలాబాద్

మా జాకీకి పదకొండేళ్లు దాటాయి, లాబ్రడార్, 38 కిలోలు. పోయినేడు ఎక్స్‌రే తీయిస్తే తుంటి కీళ్లు అరిగిపోయాయి, ఆర్థరైటిస్ అన్నారు. ఎండాకాలమంతా బాగానే తిరిగాడు. డిసెంబరు వస్తే మా దగ్గర రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి దిగడం మామూలే కదా, అప్పట్నుంచి మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి హాల్లో టైల్స్ మీద గోళ్లు గీరుకునే చప్పుడుకి మెలకువ వస్తుంది. వెళ్లి చూస్తే ముందుకాళ్ల మీద లేచి ఉంటాడు, వెనక కాళ్లు మాత్రం పక్కకి జారిపోతుంటాయి, నన్ను చూసి తోక ఊపుతాడు గానీ లేవలేడు. పొట్ట కింద చేయి వేసి లేపితే నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేసి తర్వాత సర్దుకుంటాడు. దుప్పటి కప్పితే పది నిమిషాల్లో తన్నేస్తాడు. రాత్రి పక్కన కుంపటి పెడదామని ఇంట్లో అంటున్నారు, మా బాబాయేమో మనం వేసుకునే నొప్పుల మాత్ర సగం వేసి చూడమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మదనపల్లె నుంచి

అన్నా, పైన కప్పడం తర్వాత, ముందు కింద నుంచి చలి ఎక్కకుండా చూడండి. మాది పదమూడేళ్ల ఊరకుక్క. షాపులో కొన్న బెడ్ నెలకే అణిగిపోయి మోచేతులు నేలకి తగిలి కాయలు కట్టాయి. తర్వాత పరుపుల కొట్లో నాలుగంగుళాల గట్టి ఫోమ్ ముక్క కోయించి తెచ్చాం. కింద రెండు గోనె సంచులు, వాటి మీద ఫోమ్, దాని మీద రెక్జిన్ గుడ్డ (రాత్రి ఒకోసారి పాస్ పోసేస్తుంది, పాపం దాని తప్పు కాదు), అన్నిటికంటే పైన మా అత్తమ్మ పాత చీరలతో కుట్టిన బొంత. అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి, నేల తగిలిందంటే ఆ పరుపు పనికిరాదు. మరీ మెత్తగా దిగబడేది కూడా వద్దు, లేచేటప్పుడు కాలికి ఊతం దొరకదు. నులక మంచం ఎక్కించొద్దు, దిగేటప్పుడు దూకాల్సి వస్తుంది.

పరుపు దగ్గర్నుంచి తలుపు దాకా రబ్బరు మ్యాట్ పరవండి. మీరు చెప్పిన ఆ గోళ్ల చప్పుడు చదువుతుంటేనే బాధేసింది, మా ఇంట్లో అది ఆగింది మ్యాట్ వేశాకే. దుప్పటి తన్నేస్తే చేతుల్లేని పాత స్వెటర్ తొడగండి, చంకల దగ్గర బిగుతు లేకుండా.

పశువైద్యుడిని, కరీంనగర్

కుంపటి వద్దే వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే కుక్కతో పాటు మనుషుల ప్రాణాలూ పోతాయి.

బాబాయిగారి మాత్ర కూడా వేయకండి. మనుషులు వాడే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. కుక్కలకి మెలాక్సికామ్ లాంటి మందులున్నాయి, రక్తపరీక్షలో కిడ్నీ, లివర్ చూసుకుని బరువుని బట్టి మీ డాక్టరే రాస్తారు. వాడేటప్పుడు వాంతులైనా, మలం నల్లగా వచ్చినా ఆపేసి వెంటనే ఫోన్ చేయండి. మనం రాసుకునే బామ్ కూడా పూయొద్దు, అందులో కర్పూరం ఉంటుంది, నాకేస్తాడు.

పడుకునే ముందు వేడినీళ్ల బ్యాగ్‌ని టవల్‌లో చుట్టి తుంటి మీద పది, పదిహేను నిమిషాలు పెట్టండి, ముందు మీ ముంజేతికి ఆనించి చూసుకుని. కరెంటు హీటింగ్ ప్యాడ్ మీద వదిలేసి మీరు పడుకోకండి, కాలుతున్నా వాడు పక్కకి జరగలేడు. ఇంకో మాట, లాబ్రడార్‌కి 38 కిలోలంటే చాలావరకు ఎక్కువే. పక్కటెముకలు చేతికి తగలకపోతే అన్నం తగ్గించండి, ఆ కీళ్లకి అంతకు మించిన సాయం లేదు.

విశాఖ నుంచి

రాత్రి పదింటికి ఒకసారి మెల్లగా బయట తిప్పి తీసుకురండి, కీళ్లు వదులవుతాయి, మూడింటికి లేవాల్సిన అవసరమూ తగ్గుతుంది. గోళ్లు, అరికాళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించండి, జారడం తగ్గుతుంది. ఉన్నట్టుండి వెనక కాళ్లు ఈడుస్తూ నడిస్తే మాత్రం చలే అనుకోకండి, వెన్నెముక చూపించాలి. మా రెండో కుక్క విషయంలో రెండు వారాలు ఆలస్యం చేశాం.

జాకీ వాళ్ల నాన్న, ఆదిలాబాద్

అందరికీ థాంక్స్. రక్తపరీక్ష అయింది, మందు మొదలుపెట్టాం. ఫోమ్, గోనె సంచులు, బొంత వేశాను, తలుపు దాకా మ్యాట్ కూడా. కుంపటి మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. మొదటి రోజు పరుపు వాసన చూసి మళ్లీ టైల్స్ మీదే పడుకున్నాడు, నా పాత లుంగీ పైన పరిస్తే అప్పుడు ఎక్కాడు. నిన్న ఐదున్నరకి లేచాను, వాడింకా పక్కకి తిరిగి కాళ్లు చాపుకుని నిద్రలోనే ఉన్నాడు. అక్కా, ఆ రెక్జిన్ కింద ఫోమ్ చెమ్మగిల్లకుండా వారానికి ఎన్నిసార్లు ఎండలో వేస్తారు?