సెప్టేటా, బైకార్న్యుయేటా: పిండదశలో తేడా ఎక్కడ?

ప్రశ్న: హెచ్‌ఎస్‌జీలో (గర్భాశయంలోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) గర్భాశయం రెండు కొమ్ములుగా కనిపిస్తే అది సెప్టేటో (లోపల అడ్డుగోడ ఉన్నది), బైకార్న్యుయేటో (పైభాగం రెండుగా చీలినది) ఎలా తేల్చాలండీ?

జవాబు 1: హెచ్‌ఎస్‌జీతో తేలదు, అది లోపలి ఖాళీనే చూపిస్తుంది. పిండంలో 6వ వారంలో గర్భాశయానికి మూలమైన రెండు ముల్లేరియన్ నాళాలు మొదలవుతాయి. కింది భాగాలు కలిసి గర్భాశయం అవుతాయి, పైవి ఫెలోపియన్ ట్యూబులుగా మిగులుతాయి. కలవడం సగంలో ఆగితే బైకార్న్యుయేట్. కలిశాక నడిమి గోడ కరగకపోతే సెప్టేట్.

జవాబు 2: అందుకే 3డీ అల్ట్రాసౌండ్‌లోనో ఎమ్మారైలోనో ఫండస్ (గర్భాశయపు పైభాగం) బయటి అంచు చూడాలి. అక్కడ నొక్కు 1 సెం.మీ. దాటితే బైకార్న్యుయేట్. సెప్టేట్ అని పొరబడి దాన్ని హిస్టెరోస్కోపీతో (యోని ద్వారా లోపలికి కెమెరా పంపి) కోస్తే గర్భాశయానికి చిల్లు పడొచ్చు.

జవాబు 3: కిడ్నీలూ స్కాన్ చేయించండి, చాలామంది మర్చిపోతారు. ముల్లేరియన్ నాళం పక్కనే ఉండే వోల్ఫియన్ నాళాన్ని పట్టుకునే కిందికి దిగుతుంది. కిడ్నీ ఏర్పడటానికి కావాల్సిన మూత్రనాళపు మొగ్గ పుట్టేదీ ఆ వోల్ఫియన్ నాళం నుంచే. ఆ నాళం దెబ్బతింటే ఒకవైపు కిడ్నీయే ఉండకపోవచ్చు. అండాశయాల పుట్టుక వేరు, అవి మామూలుగానే ఉంటాయి.